పాట ఎత్తుకునే ముందు

మహబూబ్‌నగర్,
18 జూన్ 2022, శనివారం.

మామకు, కౌసల్య దండాలు.

ఈ రోజు అయిన పనులు: అమ్మకు ఒళ్లు తుడిచి చీర మార్చాను. రాగి జావ తాగించాను. కాలూ చేయీ వంచి చాపే కసరత్తు రెండు పూటలా చేయించాను. బస్తా బియ్యం చెరిగి డ్రమ్ములో పోశాను. కరెంటు బిల్లు కట్టించాను. కానిది ఒక్కటే, రికార్డు ప్లేయరు. అది నువ్వు చెబితే తప్ప అయ్యేట్టు లేదు.

నీకు ఫోన్లో మాట వినబడదనీ, అందులో వచ్చే చిన్న అక్షరాలు ఆనవనీ మీ పక్కింటి ఇస్రాయేలన్న చెప్పాడు. "ఉత్తరమైతే అద్దాలు పెట్టుకోని మల్ల మల్ల సదువుకుంటడమ్మా" అన్నాడు. అందుకే ఇంత పెద్ద అక్షరాలు. బడి పిల్లల చూచిరాతలా ఉందని నవ్వకు.

ఉగాది ముందు అమ్మకు పక్షవాతం వచ్చిన సంగతి నీకు తెలిసిందే. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది. ఎడమ చేత్తో సైగ చేస్తుంది. నోరు మాత్రం తిరగదు. మాట నేర్పడానికి దవాఖాన నుంచి మెహ్రీన్ అని ఒక అమ్మాయి వారానికోసారి వస్తోంది. "ఆంటీ, కొందరికి మాట పోయినా పాట మిగుల్తది. అమ్మమ్మకు బాగా తెలిసిన పాట ఏదన్నా ఇనిపియ్యండి. ఇంటూ ఇంటూ తనే అందుకోవచ్చు. అట్ల ఒక్క ముక్క వచ్చినా దాని వెంట మాట తీసుకురావచ్చు" అంది.

అమ్మకు బాగా తెలిసిన పాట అంటే వరి నాట్లప్పుడు పాడే నాటు పాట తప్ప ఏముంది? నేను పుట్టకముందు మీరంతా హైదరాబాద్ పోయి పాడి వచ్చిన రికార్డు పెట్టె అడుగున దొరికింది. చెక్కు చెదరలేదు. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్న మా అక్షిత కొత్త రికార్డు ప్లేయరు కొని పంపింది. టీవీకి పెట్టుకున్న ఆంప్లిఫయరు ఇంట్లోనే ఉంది. ఎరుపు పిన్ను ఎరుపులో, తెలుపు పిన్ను తెలుపులో పెట్టాను. ఒక సన్న తీగ మిగిలింది. దానికి సరిపోయే రంధ్రం ఎక్కడా లేదు, చుట్టి రబ్బరు బ్యాండు వేశాను.

పాట వస్తోంది మామా, కానీ గొంతు లేదు. సౌండు చక్రం మొత్తం తిప్పినా పక్కింట్లో ఎవరో పాడినట్టుంది. అమ్మకు వినబడడం లేదు. ఎడమ చేయి ఎత్తి పెంచమన్నట్టు తిప్పుతుంది. ఇంక పెంచడానికి లేదని చెబితే కళ్లు మూసుకుంటుంది. మా ఆయన మాత్రం "నాకు మంచిగనే ఇనబడుతుందే" అని పేపరు చదువుకుంటున్నాడు.

నలభై ఏళ్లు మైకు సెట్టు నడిపినవాడివి. ఏం చేయాలో రాయి. వీలైతే ఒకసారి వచ్చి మీ అక్కను చూసిపో.

ఇంకొక మాట. బయటికి పోయిన గిన్నెలకు నేనొక పేజీ పెట్టుకుంటానని నీకు తెలుసు. అందులో నీ పేరు మీద ఒక స్టీలు డబ్బా ఉంది. అమ్మ నీకు గరిజెలు చేసి పంపింది. గరిజెలు ఏనాడో అయిపోయి ఉంటాయి, డబ్బా మాత్రం రాలేదు. తొందరేమీ లేదు, గుర్తు చేశానంతే.

ఇట్లు,
కౌసల్య


కేతేపల్లి,
27 జూన్ 2022.

బిడ్డ కౌసల్యకు మామ పోచయ్య ఆశీర్వాదం.

నీ ఉత్తరం ముట్టింది. అక్షరాలు మంచిగ ఆనినయి. పోస్టాయన ఎనుకనే ఇస్రాయేలు ఉరికొచ్చిండు, చదివి ఇనిపియ్యమని. చెవిటోడు చదువుతుంటె చెవులున్నోడు ఇంటడు, గిదీ మా వాడకట్టు తమాష.

అక్క రికార్డు ఇంక ఉన్నదా! ఆడోళ్లందర్ని హైదరాబాద్ తీస్కపోయింది నేనే. గప్పుడు నాకు మీసాలు గూడ సక్కగ రాలె. రికార్డు చేసేటాయన అద్దాల ఎనుక కూసున్నడు. అక్క పాట ఎత్తుకున్నది, మిగిలినోళ్లు అందుకున్నరు. ఆయన ఉరికొచ్చి, "ఏ చెల్లె, నువ్వు జర ఎనుకకు నిలబడు, మీటరు ముల్లు కొట్టుకుంటాంది" అన్నడు. నాలుగడుగులు ఎనుకకు నిలబెట్టిండు. అక్కకు కోపమొచ్చింది. "పొలంల మూడు మడులవతలి దాక పోవాలె నా పాట. ఈ గోడకాడికి పోవడానికి గింత ఇకమతా?" అన్నది. నాకు దగ్గు ఉండె. దగ్గితె మొత్తం పాడయితదని నోట్ల తువాల కుక్కుకోని మూలకు కూసున్న.

ఇగ నీ మిషన్ ముచ్చట. బిడ్డా, నేను చెప్తె బాధపడకు. అల్లునికి మంచిగ ఇనబడుతాంది, నీకు ఇనబడుతాంది. అక్కకొక్కదానికే ఇనబడ్తలేదు. ఇగ మిషన్‌ల ఏముంటది? నేను గూడ గిట్లనే మిషన్‌ను తిట్టిన. ఒక పెండ్లికాడ సౌండు వస్తలేదని పెంచుకుంట పోయిన. పెండ్లిపిల్ల తండ్రి వచ్చి వైరు గుంజిపారేసిండు. "మా చెవులు పలుగుతున్నయి పోచయ్యా" అని ఆయన ఒర్రుతుంటె నాకు ఆయన నోరు కదులుడే కనబడ్డది. గా దినం తెలిసింది నాకు. మా నాయినకు చెవుడే, నాకు చెవుడే. అక్కకు గూడ వచ్చినట్టుంది. ముందుగాల చెవుల దవాఖానల చూపియ్యి.

మిషన్‌కు ఫికర్ లేదు. నా పాత ప్లేయరు ఏ ఆంప్లిఫయరుకు పెట్టినా ఊరు లేసేది. ప్లేయరు ముల్లు మీది దుమ్మును మెత్తటి బ్రష్షుతోటి ఎనుక నుంచి ముందరికి తుడువు. పిన్నులు గట్టిగ ఒత్తు. అంతే.

రమ్మన్నవు. వచ్చి ఏం జెయ్యాలె చెప్పు? ఆమెకు మాట లేదు, నాకు చెవి లేదు. ఎదురుబొదురు కూసోని ఒకరి మొకం ఒకరం చూసుడేనా?

డబ్బా ఉన్నది. దాన్ల స్క్రూలు పోసిన. పంపిస్త.

నీ మామ,
పోచయ్య


మహబూబ్‌నగర్,
9 జూలై 2022, శనివారం.

మామకు, దండాలు.

ఈ రోజు పనులు తక్కువే అయ్యాయి. అమ్మకు జ్వరం. తడిగుడ్డ మార్చడంతోనే పొద్దు గడిచింది. బట్టలు నానబెట్టినవి అట్లాగే ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే చెవుల డాక్టరుకు చూపించాను. అమ్మను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి ఆటోలోకి ఎక్కించడానికి నేనూ, మా ఆయనా, కింది కిరాయి ఇంటి అబ్బాయీ పట్టాం. చెవులకు గొట్టాలు పెట్టి పరీక్ష చేశారు. చప్పుడు వినగానే వేలు ఎత్తమన్నారు. అమ్మ ఎడమ చేతి వేలు ప్రతిసారీ ఎత్తింది. డాక్టరు నవ్వి, "ఈ వయసుకు ఇంత మంచి చెవులు నేను చూడలేదమ్మా. మీరెందుకు తెచ్చిండ్రు?" అన్నాడు. మా మామ చెప్పాడని చెప్పాను.

వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. ఆటోకు పక్క పరదా లేదు. నా కొంగు కప్పినా అమ్మ కుడి భుజం తడిసింది. ఆ పక్క ఆమెకు చలి కూడా తెలియదు, చెప్పలేదు. మర్నాటి నుంచి జ్వరం. నిన్ను అనడం లేదు. జరిగింది రాస్తున్నాను.

ఇంటికి వచ్చాక నేనే ఒక్కొక్కటీ పరీక్ష పెట్టాను. అదే ఆంప్లిఫయరుకు, అదే రంధ్రానికి మా ఆయన ఫోను తగిలించి పాట పెట్టాను. ఇల్లు అదిరింది. కింది వాళ్లు పైకి వచ్చారు. అంటే ఆంప్లిఫయరు మంచిదే, స్పీకర్లు మంచివే. రికార్డు పెడితే మళ్లీ అంతే. తగ్గడమే కాదు మామా, పాట సన్నగా ఉంది. రేకు మీద మేకుతో గీసినట్టు. డోలక్ ఉందో లేదో తెలియదు. అక్షిత పంపిన వేరే రికార్డు వేసినా అట్లాగే ఉంది. కాబట్టి అమ్మ రికార్డు అరిగిపోయిందని అనుకోవడానికి లేదు.

ముల్లు తుడిచాను. తుడుస్తుంటే ఒక చిత్రం. నా కొంగుకు పెట్టుకున్న పిన్నీసు ఊడి పడి ముల్లు ఉన్న నల్ల ముక్కకు అతుక్కోబోయింది. ముల్లు విరుగుతుందని ప్రాణం పోయినంత పనయింది. మెల్లగా లాగేశాను.

నువ్వు రావడం గురించి. ఎదురుబొదురు కూర్చుని ఏం చేస్తామన్నావు. చేయి పట్టుకుని కూర్చోవచ్చు కదా. దానికి చెవులూ అక్కర లేదు, మాటా అక్కర లేదు. నీ ఉత్తరంలో ఆ ముక్క అమ్మకు చదివి వినిపించలేదు. రికార్డు చేసిన నాటి ముచ్చట మాత్రం వినిపించాను. "నాలుగడుగులు ఎనుకకు" అన్నచోట అమ్మ పెదవి ఒక పక్క లేచింది. ఉగాది తరువాత నవ్వడం అదే మొదలు.

కౌసల్య


కేతేపల్లి,
16 జూలై 2022.

బిడ్డా కౌసల్యా,

నీ ఉత్తరం చదివినంక ఆ పూట బువ్వ తినబుద్ధి కాలె. నా చెవుడు తీస్కపోయి అక్కకు అంటగట్టిన. మంచి చెవులున్న మనిషిని వానలకు ఎల్లగొట్టిన. ఇస్రాయేలు గూడ "నీకు తెల్వకుంటె తెల్వదని రాయొద్దా" అని గరమైండు. గాయన గరమయ్యేది ఇనబడదు గని చేతులు ఊపేది కనబడుతది కద.

నువ్వు పిన్నీసు ముచ్చట రాసినవు చూడు, గక్కడ నాకు తెలివొచ్చింది. నీ ప్లేయరు ముల్లుకాడ అయస్కాంతం ఉన్నది. మా కాలపు మైకు సెట్ల గది లేకుండె. ముల్లు కింద ఒక చిన్న బిళ్ల ఉండేది, ముల్లు దాన్ని ఒత్తితె చాలు, కరెంటు దండిగ పుట్టేది. అందుకే దేనికి పెట్టినా ఊరు లేసేది. అయస్కాంతం ముల్లు నాజూకుది. పాట నున్నగ వస్తది గని కరెంటు చీమంత పుడుతది. టీవీకి పెట్టే రంధ్రానికి గది సరిపోదు.

ఇంకొకటి. రికార్డు కోసేటప్పుడే బండ చప్పుడును తగ్గించి, సన్న చప్పుడును పెంచి కోస్తరు. లేకపోతె ముల్లు గాడిల నిలవదు. తిరిగి పాడిచ్చేటప్పుడు దాన్ని సరిజెయ్యాలె. నా పాత బిళ్ల తనంతల తానే శానమట్టుకు సరిజేసుకునేది. అయస్కాంతం చేసుకోదు. అందుకే నీకు డోలక్ ఇనబడ్తలేదు, రేకు మీద గీసినట్టు ఉన్నది. ప్లేయరుకు ఆంప్లిఫయరుకు నడుమ ఒక చిన్న డబ్బా ఉండాలె. గది పెంచుతది, సరిజేస్తది. కొన్ని ఆంప్లిఫయర్లకు లోపల్నే ఉంటది, ఎనుక ఫోనో అని రాసిన రంధ్రం ఉంటది. కొన్ని ప్లేయర్లకే ఎనుక చిన్న మీట ఉంటది. నీవి రెండు తిప్పి చూడు.

లేకుంటె నేను చేస్త. ఒక్క చిప్పు, పిడికెడు సామాను. నల్లగొండల దొరకకుంటె హైదరాబాద్ నుంచి తెప్పిస్త. అక్షిత ఫోన్ల కొంటది కావచ్చు, రెడీమేడువి దొరుకుతయట. కొన్న డబ్బాకు మా అక్క గొంతు తెలుస్తదా ఏంది! సరే, కొననియ్యి.

అక్క జ్వరం ఎట్లున్నదో రాయి.

పోచయ్య


మహబూబ్‌నగర్,
24 జూలై 2022, ఆదివారం.

మామకు, దండాలు.

ఈ రోజు: అమ్మకు ఆవిరి పట్టాను, వీపు తట్టి కఫం తీయించాను. దుప్పట్లు రెండు ఉతికాను, ఎండ లేక లోపలే ఆరేశాను. జ్వరం తగ్గింది కానీ ఛాతీలో గరగర ఉంది. డాక్టరు ఇంటికి వచ్చి చూశాడు. దవాఖానలో చేర్చమంటారా అని అడిగితే, "తీస్కపోవచ్చు, కానీ ఈమెకు ఓపిక లేదమ్మా. ఇక్కడనే మంచిగ చూసుకోండి" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నీకూ తెలుస్తుంది.

రెండింటినీ తిప్పి చూశాను. ఫోనో అన్న రంధ్రం లేదు, మీటా లేదు. అక్షితకు నీ ఉత్తరం ఫోన్లో చదివి వినిపించాను. "అమ్మా, ఆ డబ్బా రెండు రోజుల్ల వస్తది, ఆర్డరు పెడుతున్నా" అంది. వద్దన్నాను. నువ్వు మనసు పెట్టి చేస్తానన్నాక కొన్నది తెచ్చి పెడితే నీకు ఎట్లా ఉంటుంది? చెవి విషయంలో అనాల్సిన దానికన్నా ఎక్కువే రాశాను. ఈ ఒక్కటైనా నీ చేతి మీదుగా కానీ. వీలైనంత తొందరగా చేసి పంపు, ఆర్టీసీ కార్గోలో వేస్తే మర్నాటికి వస్తుంది.

నిన్న మధ్యాహ్నం ఒకటి జరిగింది. రికార్డు తిరుగుతోంది, ఆంప్లిఫయరు ఆపేశాను. అయినా ఎక్కడి నుంచో పాట వస్తోంది. వంగి చూస్తే ముల్లు దగ్గర నుంచే. ముల్లు తనే పాడుతోంది మామా, దోమంత గొంతుతో. నాకు ఒక ఆలోచన వచ్చింది. ప్లేయరును పీట మీద పెట్టి, పీటను అమ్మ తల పక్కకు జరిపాను. ఫ్యాను ఆపాను. కింది వాళ్ల కుక్కరు కూడా దింపమన్నాను. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

అమ్మ కళ్లు తెరిచింది. పైకప్పు కేసి చూస్తూ విన్నది. కాసేపటికి నోరు తెరుచుకుంది, ఛాతీ పైకి లేచింది. దూప అవుతుందేమో అనుకుని చెంచాతో నీళ్లు పోశాను. మింగలేదు. పెదవి పక్క నుంచి కారిపోయాయి. తుడిచాను. తరువాత నోరు మూసుకుని అటు తిరిగింది. ఇంకోసారి పెట్టనా అంటే చేయి కదపలేదు. అలసిపోయిందనుకున్నాను.

ఆ చిన్న చప్పుడు సరిపోలేదు. నీ డబ్బా రావాలి.

కౌసల్య


కేతేపల్లి,
27 జూలై 2022.

బిడ్డా,

నీ ఉత్తరం గిప్పుడే ముట్టింది. గిప్పుడే రాస్తున్న.

కొననియ్యి అన్న కదనే! అక్క గొంతు తెలుస్తదా అన్నది నవ్వులాటకు అన్న. నాకు కోపమేందే, నీ మీద నాకు కోపమెప్పుడన్న వచ్చిందా? అక్షితకు చెప్పి ఈ దినమే తెప్పియ్యి. నా డబ్బా కోసం ఆగకు. హైదరాబాద్ నుంచి రావలసిన చిప్పు ఇంక రాలే. వానలు. తెస్తనన్న పిలగాడు జ్వరమొచ్చి పండిండు.

నేను ఆదివారం వస్తున్న. నల్లగొండ దాక ఒక బస్సు, ఆడికెల్లి ఇంకో బస్సు. కండక్టరు చెప్పేది ఇనబడదని ఇన్ని దినాలు ఎక్కడికి పోలే. ఇస్రాయేలు ఒక అట్ట మీద నా ఊరు, నీ ఊరు రాసిచ్చిండు, మెడల ఏసుకొమ్మంటుండు, బడి పోరని లెక్క. ఏసుకుంట.

నువ్వు చెప్పినట్టె చేయి పట్టుకోని కూసుంట. అక్కకు చెప్పు.

మామ


మహబూబ్‌నగర్,
12 ఆగస్టు 2022, శుక్రవారం.

మామకు, దండాలు.

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని ఇస్రాయేలన్న ఫోన్ చేసి చెప్పాడు.

ఈ రోజు చేసినవి: అమ్మ పరుపు విప్పి దూది ఎండబెట్టాను. చక్రాల కుర్చీ తిరిగి దవాఖానకు పంపాను. మిగిలిన మందులు మెహ్రీన్‌కు ఇచ్చాను, అవసరమున్న వాళ్లకు ఇమ్మని. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. పొద్దున ఒళ్లు తుడిచే వేళకు ఇప్పటికీ నీళ్లు కాగబెడుతున్నాను. కాగిన తరువాత గుర్తొస్తోంది.

నువ్వు జూలై 27న రాసిన ఉత్తరం అమ్మ పోయిన నాలుగో రోజున ముట్టింది. నువ్వు అప్పుడు ఇక్కడే, అరుగు మీద కూర్చుని ఉన్నావు. పోస్టాయన నీ ముందు నుంచే వచ్చి నా చేతికి ఇచ్చాడు. నీ రాత చూసి లోపలికి తీసుకుపోయి చదివాను. నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు అంతకుముందు ఉత్తరంలో కొనమన్నావో వద్దన్నావో నేను సరిగా చదవలేదని నాకే తెలిసింది. అక్షిత ఆర్డరు పెట్టి ఉంటే ఆ సోమవారమో మంగళవారమో వచ్చేది. అమ్మ శుక్రవారం తెల్లవారుజామున పోయింది. నేను లెక్క కట్టకుండా ఉండలేను, అది నా జబ్బు.

ఆదివారం వస్తానన్నవాడివి శుక్రవారమే రావలసి వచ్చింది. తల్లిగారింటి చీర తప్పకుండా రావాలని పెద్దవాళ్లు ఎదురుచూస్తుంటే, నువ్వు మెడలో ఆ అట్టతో, చంకలో చీర సంచితో దిగావు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. అదే కట్టి సాగనంపాం. నువ్వు అమ్మ చేయి పట్టుకుని కూర్చున్నావు. అందరూ లేపారు, లేవలేదు. "లేవు పోచయ్యా, పొద్దు పోతాంది" అని ఎవరెంత అరిచినా నీకు వినబడలేదు. వినబడనందుకు నాకు ఆ ఒక్కసారి సంతోషమనిపించింది.

రికార్డు మళ్లీ పాత బట్టలో చుట్టి పెట్టెలో పెట్టాను. ప్లేయరు వెనక్కు తీసుకుంటారేమో కనుక్కోమని అక్షితకు చెప్పాను. ఆ డబ్బా ఇక అక్కర లేదు మామా. చిప్పు వచ్చినా నువ్వు శ్రమ పడకు.

ఒంటరిగా ఉన్నావని వంట మానకు.

కౌసల్య


కేతేపల్లి,
5 సెప్టెంబరు 2022.

బిడ్డ కౌసల్యకు,

డబ్బా అక్కర లేదన్నవు. నీకు లేకుంటె లేదు, నాకు అక్కర ఉన్నది. చిప్పు వచ్చింది. చేసిన. కార్గోల ఏసిన. ఇస్రాయేలు రసీదు జేబుల పెట్టుకున్నడు, పోతె వాళ్ల గల్ల పట్టుకుంటడట.

రేకు డబ్బాలనే పెట్టాలె దీన్ని, ప్లాస్టిక్‌ల పెడితె గాలిల ఉన్న కరెంటు చప్పుడంత లోపలికి వస్తది. ఇంట్ల ఎతికిన. నీ గరిజెల డబ్బనే కనబడ్డది. స్క్రూలు పారబోసి దాన్లనే బిగించిన. దానికి రంధ్రాలు ఏసేటప్పుడు నాకు చెయ్యి ఆడలె గని ఇంకోటి లేకుండె.

పలుకుతదా లేదా నాకు తెల్వదు. నా పాత స్పీకరు పండబెట్టి, దాని కాగితం మీద నాలుగు బియ్యపు గింజలు ఏసిన. తీగె కొసకు వేలు ముట్టిచ్చిన. గింజలు ఎగిరినయి. ఇస్రాయేలు చెవులు మూసుకున్నడు. అంటె పలికినట్టే.

ప్లేయరు పిన్నులు ఇన్ అని గీసినకాడ పెట్టు. అవుట్ అన్నకాడికెల్లి ఆంప్లిఫయరుకు పెట్టు. బ్యాటరీలు రెండు లోపలనే ఉన్నయి. ముందుగాల సౌండు మొత్తం తగ్గించి, అటెనుక కొద్దికొద్దిగ పెంచు. లేకుంటె ఉలిక్కిపడతవు. నువ్వు రబ్బరు బ్యాండు ఏసి చుట్టిన సన్న తీగె ఉన్నది చూడు, గది ఒట్టిది కాదు. డబ్బాకు పక్కన ఒక మర పెట్టిన, దాని కింద బిగియ్యి. లేకుంటె బుర్రుమంటది.

పైసలు అడిగేవు, మనియార్డరు చేసేవు. నాకు వద్దు. నాకొక్కటి జెయ్యి. రికార్డు పెట్టి, ఏమినబడుతదో నాకు రాయి. మంచిగున్నదని రాయకు, గది ఎవరన్న రాస్తరు. ముందేమినబడ్డది, ఎనుక ఏమినబడ్డది, ఉన్నది ఉన్నట్టు రాయి. నేను గా దినం హైదరాబాదుల నోట్ల తువాల పెట్టుకోని ఇన్నదే. ఇల్లు చేరినంక మైకుల పక్కనే బతికిన గని గా పాట మల్ల ఇనలె. ఇప్పుడు చదువుకుంట.

మామ


మహబూబ్‌నగర్,
14 సెప్టెంబరు 2022, బుధవారం.

మామకు, కౌసల్య దండాలు.

ఈ రోజు పనులు: వంట. ఇల్లు ఊడ్చడం. అంతే. మిగతా పూటంతా నువ్వు చెప్పిన పని చేశాను.

డబ్బా నిన్న వచ్చింది. అట్టపెట్టె విప్పి చూస్తే మూత మీద అమ్మ పేరు, గుర్వమ్మ అని చుక్కలు చుక్కలుగా చెక్కినది. గిన్నెల కొట్లో కొన్నప్పుడు చెక్కించుకున్న పేరు. నువ్వు రంధ్రాలు వేసేటప్పుడు పేరుకు తగలకుండా పక్కకు వేశావు. చూశాను.

అన్నీ నువ్వు రాసినట్టే పెట్టాను. మొదట బుర్రుమని ఒకటే మోత. సన్న తీగకు రబ్బరు బ్యాండు తీసి, మర కింద బిగించాను. మోత టక్కున ఆగింది. మూడు నెలల నుంచి దాన్ని పనికిరానిదని చుట్టి పెట్టాను.

ఇప్పుడు వినబడింది రాస్తాను. పక్కన కూర్చుని, ఆపుతూ పెడుతూ రాసుకున్నది.

ముందు, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. తరువాత ఒక గది చప్పుడు. ఏమీ లేకపోయినా గదికి ఒక చప్పుడుంటుంది కదా, అది. ఎవరివో గాజులు ఒకసారి కదిలాయి. డోలక్ మీద వేలితో ఒక్క దెబ్బ వేసి ఆపారు. నీ దగ్గు వినబడలేదు, తువాల పనిచేసింది.

తరువాత ఒకరు ఊపిరి పీల్చుకున్నారు.

అది ఎంత పెద్దగా ఉందంటే మామా, నేను వెనక్కు తిరిగి చూశాను. నోరు తెరిచి, గుండె నిండా పీల్చుకునే ఊపిరి. ఆ వెంటనే అమ్మ గొంతు. నాలుగడుగులు వెనక్కి నిలబెట్టినా అందరికన్నా ముందు ఆమే ఉంది. గట్టి గొంతు, కొంచెం కోపం కూడా ఉంది అందులో. నువ్వు చెప్పిన కోపం అదే అయి ఉంటుంది. ఆమె ఒక వరస పాడి ఆపుతుంది, మిగిలిన వాళ్లు అందుకుంటారు. వాళ్లు ముగించేలోపు మళ్లీ ఊపిరి. ప్రతి వరస ముందూ అదే ఊపిరి. డోలక్ ఇప్పుడు బాగా వినబడుతోంది, స్పీకరు మీద చేయి పెడితే అరచేతికి తగులుతోంది. నువ్వు వచ్చినప్పుడు నీ చేయి అక్కడ పెట్టిస్తాను. ప్లేయరు వెనక్కు పంపొద్దని అక్షితకు చెప్పాను.

రికార్డు రెండోసారి పెట్టినప్పుడు నేను పాట వినలేదు. ఆ ఊపిరి ఒక్కటే విన్నాను. మూడోసారీ అంతే. మా ఆయన పేపరు పక్కన పెట్టి వచ్చి, "ఏమైందే?" అన్నాడు. రికార్డు ఆపి కాగితం తీశాను. నీకు రాస్తున్నాను.

ఆ రోజు అమ్మ తల పక్కన ముల్లు చప్పుడు పెట్టినప్పుడు, నోరు తెరుచుకుంది, ఛాతీ పైకి లేచింది అని నీకు రాశాను. దూప అనుకున్నాను. అది దూప కాదు మామా. చెవుల డాక్టరు చెప్పినట్టు ఆమె చెవులు మంచివి, దోమంత పాటను కూడా పట్టుకున్నాయి. పాట ఎత్తుకోబోయింది. ఊపిరి తీసుకుంది. నేను చెంచాతో నీళ్లు పోసి నోరు మూయించాను.

వచ్చేదేమో. రాకపోయేదేమో. మెహ్రీన్‌ను అడిగాను. "తెల్వదు ఆంటీ" అంది.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు, రాశాను. నీతో కాక ఇంకెవరితో చెప్పినా "నీ తప్పేమీ లేదు" అంటారు. నువ్వు మాత్రం అట్లా రాయకు. అక్క పాట ఎత్తుకోబోయిందట అని నువ్వూ ఒకసారి అనుకో, చాలు. అది తెలిసిన వాళ్లం ఇద్దరమైనా ఉండాలి.

బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. ఆ అట్ట మెడలో వేసుకుని రా. బస్టాండుకు నేను వస్తాను.

ఈ ఉత్తరం ముగించి గిన్నెల పేజీ తీశాను. అందులో ఇట్లా రాశాను:

స్టీలు డబ్బా, మూతతో సహా, గుర్వమ్మ పేరు చెక్కినది. కేతేపల్లి పోచయ్య మామ దగ్గర నుంచి ముట్టినది. చెల్లు.

కౌసల్య